టర్కీ వేటకు రమ్మని పిలిస్తే తప్పకుండా వెళ్ళండి

మీరు రాసింది ఇదీ: సెయింట్ లూయిస్‌కు వచ్చి రెండేళ్ళయింది, హెచ్1బీ మీద ఉన్నారు. ఆఫీసులో అరవై దాటిన ఒక సహోద్యోగి ఈ ఏప్రిల్‌లో తన పొలానికి టర్కీ వేటకు, అంటే అడవి టర్కీ కోళ్ళ వేటకు, రమ్మన్నారు. ఇంట్లో మీ ఆవిడకు తుపాకీ అంటే భయం. చీకట్లో అడవిలో ఒక అమెరికన్ పెద్దాయనతో అన్ని గంటలు ఏం మాట్లాడాలో మీకు తెలియదు. వెళ్ళాలా, మర్యాదగా తప్పించుకోవాలా అని అడిగారు.

వెళ్ళండి. నేను 2003 నుంచి మిస్సోరీలో ఉంటున్నాను. 2008 నుంచి ప్రతి ఏప్రిల్‌లోనూ టర్కీ వేటకు వెళ్తున్నాను. ఈ దేశంలో నాకు బాగా దగ్గరైన స్నేహితుల్లో ఇద్దరు ఆ అడవి వల్లే దగ్గరయ్యారు. "ఏం మాట్లాడాలి" అన్న మీ మాట చదివి కాసేపు ఆగిపోయాను. మొదటిసారి నేనూ అదే టెన్షన్‌తో బయల్దేరాను. తీరా వెళ్తే అక్కడ మాట్లాడే పనే లేదు. మాట్లాడకూడదు కూడా. అంతసేపు మాటల్లేకుండా ఒక మనిషి పక్కన కూర్చున్నాక ఇద్దరి మధ్య ఏదో మారుతుంది. ఎలా మారుతుందో నాకు జరిగింది చెబితేనే తెలుస్తుంది.

నన్ను తీసుకెళ్ళిన ఆయన్ని ఇక్కడ పెద్దాయన అనే రాస్తాను. మేం అద్దెకున్న ఇంట్లో ఏదైనా పాడైతే బాగుచేయడానికి వచ్చేవారు. ఒకరోజు మా ఆవిడ కాఫీ ఇస్తే తాగుతూ గోడకున్న ఫోటో చూశారు. అది మా గిద్దలూరు వైపు నుంచి తీసిన నల్లమల. "ఇది అచ్చం మా ఓజార్క్స్‌లా ఉందే" అన్నారు. ఓజార్క్స్ అంటే మిస్సోరీ దక్షిణాన ఉన్న కొండల ప్రాంతం. నిజమే, పెద్ద ఎత్తు లేని కొండలు, ఆకు రాల్చే అడవి, రాతి నేల. ఆ మాట పట్టుకుని గంట మాట్లాడుకున్నాం. మరుసటి ఏప్రిల్‌లో ఫోన్ చేసి, పొలానికి వస్తావా అని అడిగారు. ఆయన పొలం బిగ్ పైనీ నదికి దగ్గర్లో, టెక్సాస్ కౌంటీలో ఉంది. పేరు చూసి కంగారుపడకండి, మిస్సోరీలోనే టెక్సాస్ అనే కౌంటీ ఉంది, దాని ముఖ్యపట్టణం పేరు హ్యూస్టన్.

ఉదయం నాలుగింటికి లేపారు. ట్రక్కు పొలం గట్టు దగ్గర ఆపి, తలుపు వేయకుండా నడుముతో మెల్లగా నొక్కి 'టిక్' మనేదాకా మూశారు. టార్చి వేయనివ్వలేదు. పాతిక నిమిషాలు చీకట్లో ఆయన వెనకే నడిచాను. ఒక పెద్ద ఓక్ చెట్టు చూపించి, దానికి వీపు ఆనించి కూర్చోమన్నారు. భుజాల కంటే వెడల్పైన చెట్టే ఎందుకంటే వెనక నుంచి ఎవరైనా కాల్చినా తగలకుండా. ఆయన నా పక్కనే, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నారు. ఇక నిశ్శబ్దం. కాసేపటికి విప్‌పూర్‌విల్ అనే పిట్ట ఆపకుండా ఒకటే కూత మొదలుపెట్టింది. తూర్పున కొంచెం తెలుపు రాగానే వాగు అవతల గుడ్లగూబ అరిచింది. దానికి ఉలిక్కిపడి, ఎక్కడో చెట్టు కొమ్మ మీద రాత్రంతా పడుకున్న టర్కీ పుంజు ఒక్కసారిగా కూసింది.

ఆ కూత గురించి ఎంత చెప్పినా తక్కువే. మన దగ్గర ఫారాల్లో పెంచే టర్కీ కోడి గలగలా అరవడం మీరు వినే ఉంటారు. అడవిలో, ఆ నిశ్శబ్దంలో, నూరు గజాల దూరంలో వింటే మాత్రం అది చెవికి కాదు, గుండెకు తగులుతుంది. పెద్దాయన తల తిప్పలేదు. మోచేత్తో నన్ను చిన్నగా పొడిచారు, అంతే. ఆ పొడుపుకి అర్థం "విన్నావా?" అని. నలభై ఏళ్ళుగా వింటున్న మనిషి, మొదటిసారి వింటున్న నాకంటే ఎక్కువ సంబరపడుతున్నాడని ఆ మోచేతిలోనే తెలిసింది.

ఇక్కడ ఈ వేట ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి, స్నేహం అందులోనే ఉంది కాబట్టి. మామూలుగా అయితే పుంజు ఒకచోట నిలబడి కూస్తుంది, పెట్టలు దాని దగ్గరికి వెళ్తాయి. వేటగాడు పెట్టలా కూసి పుంజునే తన దగ్గరికి రప్పించాలి. అంటే ప్రకృతిలో ఉన్న పద్ధతిని తిరగెయ్యాలి. అందుకే ఇది అంత కష్టం. మా తాత కాలంలో పంజరంలో పెంపుడు కౌజుపిట్టను పెట్టి, దాని కూతతో అడవి కౌజులను రప్పించేవాళ్ళట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర అలాంటివన్నీ నేరం. మా తాత చెప్పిన ఆ ముచ్చట పెద్దాయనకు చెబితే మూడుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు.

పెద్దాయన దగ్గర దేవదారు చెక్కతో చేసిన బాక్స్ కాల్ ఉంది. అగ్గిపెట్టె కంటే పొడవైన డొల్ల పెట్టె, పైన ఒక చెక్క రేకు. రేకుకి సుద్ద రాసి, పెట్టె అంచు మీద మెల్లగా రుద్దితే అచ్చం పెట్ట కూసినట్టే 'క్యావ్, క్యావ్' అని వస్తుంది. అర్కాన్సాలోని డార్డనెల్‌లో హెన్రీ గిబ్సన్ అనే ఆయన 1897లో పేటెంట్ తీసుకున్న నమూనాకీ, ఇప్పుడు కొట్లో దొరికేదానికీ పెద్ద తేడా లేదు. పలక మీద పుల్లతో గీసేవి, నోట్లో పెట్టుకుని ఊదేవి కూడా ఉన్నాయి. పెద్దాయన వాటి జోలికి పోరు.

ఇద్దరు వెళ్ళినప్పుడు ఒకరు పిలుస్తారు, ఒకరు కాలుస్తారు. అసలు నైపుణ్యమంతా పిలవడంలో ఉంది. అంటే పని తెలిసినవాడు వెనక్కి తగ్గి, కొత్తవాడికి అవకాశం ఇస్తాడు. మిస్సోరీలో ఏప్రిల్ సీజన్ 21 రోజులే. ఏప్రిల్ 21కి దగ్గరగా వచ్చే సోమవారం మొదలవుతుంది. ఏడాదంతా ఎదురుచూసిన ఆ 21 రోజుల్లో ఎన్నో ఉదయాలు తన తుపాకీ ఇంట్లో పెట్టి నా కోసం పిలిచారు ఆయన. అంత పెద్ద కానుక ఈ దేశంలో నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

రెండో ఏడాది నా చేతికి తుపాకీ వచ్చింది. ఒక పుంజు జవాబిచ్చింది, దగ్గరికి వచ్చింది, డెబ్బై గజాల దూరంలో చిన్న గండి అవతల ఆగిపోయింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, అటూ ఇటూ తిరుగుతోంది. తల ఒక క్షణం తెల్లగా, ఒక క్షణం నీలంగా, కోపం వచ్చినట్టు ఎర్రగా మారుతోంది. యాభై నిమిషాలు అలాగే. నా ఎడమ కాలు తిమ్మిరెక్కి రాయిలా అయిపోయింది. అది చెట్టు చాటుకు వెళ్ళిందనుకుని మోకాలు రెండంగుళాలు జరిపాను. 'పుట్' అని ఒక్క శబ్దం, అంతే, మాయమైంది. టర్కీకి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు 300 డిగ్రీలు చూస్తుంది, రంగులూ గుర్తుపడుతుంది. వాసన మాత్రం అంతగా పట్టలేదు.

ఏడుపొచ్చినంత పనైంది. ఆయన పొద్దుటి నుంచి కష్టపడి రప్పించిన పక్షి అది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. ఫ్లాస్కు తీసి, మూతలో కాఫీ పోసి, ముందు నాకు ఇచ్చారు. కాసేపటి తర్వాత ఎదురుగా చెట్ల వైపే చూస్తూ, "నువ్వు కూర్చున్న దిండు మా అబ్బాయిది" అన్నారు. ఆ అబ్బాయి ఒరెగాన్‌లో ఉంటాడట. రెండేళ్ళుగా మాటల్లేవట. ఎందుకో కూడా చెప్పారు, అది నేను ఇక్కడ రాయను. నేను మా నాన్న పోయినప్పటి సంగతి చెప్పాను. గిద్దలూరు చేరేసరికి అంతా అయిపోయింది, ఆఖరి చూపు దక్కలేదు. ఆ మాట అప్పటిదాకా మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం ఒకే వైపు చూస్తూ కూర్చున్నాం, ఒకరి ముఖం ఒకరికి కనపడదు, అందుకే నోరు పెగిలిందనుకుంటాను. మగవాళ్ళం ఎదురెదురుగా కూర్చుని ఇలాంటివి చెప్పుకోలేం.

మూడో ఏడాది పుంజు దొరికింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముప్పై గజాల దూరం, ఒకటే దెబ్బ, పద్దెనిమిది పౌండ్లు. పెద్దాయన టోపీ తీసి ఆ పక్షి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెక్క ఈకలు చేత్తో సర్దారు. నేనూ అలాగే చేశాను. ఆ రోజు రాత్రి పదిలోగా వేటను నమోదు చేయడం ఇక్కడ రూలు, ఫోన్‌లోనే అయిపోతుంది. పూర్వం అయితే ఊళ్ళో ఏదో కొట్టు ముందు చెక్ స్టేషన్ ఉండేదట, పక్షిని పట్టుకుని అక్కడికి వెళ్ళాలి, చుట్టుపక్కల వాళ్ళంతా చేరి గడ్డం (పుంజు రొమ్ము మీద వేలాడే కుచ్చు) పొడవెంత, కాలి ముల్లు ఎంత అని చూసేవాళ్ళట. ఆ గుంపు పోయిందని పెద్దాయన ఇప్పటికీ బాధపడతారు. ఆయన ముందుతరం స్నేహాలన్నీ ఆ కొట్టు ముందు కుదిరినవే.

ఈ పక్షి ఆయనకు ఎందుకంత ప్రాణమో తెలియాలంటే పాత సంగతి కొంచెం తెలియాలి. అడవులు నరికేశారు, అమ్ముకోవడానికి విచ్చలవిడిగా వేటాడారు. 1937లో మిస్సోరీలో టర్కీ వేట ఆపేశారు. 1950ల మొదట్లో రాష్ట్రం మొత్తం మీద రెండున్నర వేలకు లోపే మిగిలాయి. పెంపుడు టర్కీలను అడవిలో వదిలి చూశారు, అవి బతకలేదు. చివరికి వలల్ని చిన్న ఫిరంగులతో ఎగరేసి, మిగిలిన అడవి పక్షులనే పట్టి, వేరే చోట్ల వదలడం 1954లో మొదలుపెట్టారు. 1960లో మళ్ళీ వేటకు అనుమతిస్తే మూడు రోజులు, 14 కౌంటీలు, దొరికినవి 94. అప్పటికి పెద్దాయనకు పదమూడేళ్ళు. వాళ్ళ నాన్న నడివయసు వచ్చేదాకా సొంత పొలంలో టర్కీ కూత వినలేదట. విస్కాన్సిన్‌ రాష్ట్రంలో ఇప్పుడున్న టర్కీలు కూడా 1976 నుంచి మిస్సోరీ పంపిన పక్షుల సంతానమే, బదులుగా వాళ్ళు గ్రౌస్ పక్షులు ఇచ్చారు. ఈ ఖర్చులో చాలా భాగం వేటగాళ్ళ డబ్బే. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం పొడవు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల పనికే పోతుంది. కాబట్టి మీ సహోద్యోగిని జంతువుల్ని చంపే మనిషిగా మాత్రమే చూడకండి. ఆయన తరం వాళ్ళు ఒక పక్షి తిరిగి రావడాన్ని కళ్ళారా చూశారు.

మీరు తప్పక తెలుసుకోవాల్సినవి ఇప్పుడు చెబుతాను. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. "ఒక్కసారి పట్టుకో, ఏం కాదు" అని ఆయన ప్రేమగా ఇచ్చినా తీసుకోకండి. మీ వీసా సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడాకే ముట్టుకోండి. నా సలహా అయితే మొదటి ఏడాది తుపాకీ లేకుండానే వెళ్ళండి. మీ ఆవిడ భయం కూడా సగం తగ్గుతుంది. నేనూ మొదటి ఏడాది ఉత్త చేతులతోనే కూర్చున్నాను, ఏమీ తగ్గలేదు. తర్వాత కాల్చాలనుకుంటే 1967 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంది, శ్రద్ధగా చేయండి.

బట్టల్లో ఎరుపు, తెలుపు, నీలం ఉండకూడదు. లోపలి బనియను, సాక్సు, చేతిరుమాలు కూడా చూసుకోండి. ఆ మూడూ పుంజు తల రంగులు. కూత వినపడిన వైపు పాక్కుంటూ వెళ్ళకూడదు, ఎందుకంటే అక్కడ కూసేది మనిషి కావచ్చు. వేరే వేటగాడు మీవైపు వస్తుంటే చెయ్యి ఊపకండి, కదలకండి, గట్టిగా మాట్లాడండి.

ఈ చివరిది నాకు అక్కరకొచ్చింది. 2013లో ఒక ప్రభుత్వ అడవిలో ఒంటరిగా కూర్చుని స్లేట్ కాల్ గీస్తున్నాను. యాభై గజాల దూరంలో ఆకులు కదిలాయి. పుంజు కాదు, మోకాళ్ళ మీద వస్తున్న మనిషి, తుపాకీ నా వైపే ఉంది. ఒళ్ళంతా చెమట పట్టింది. కదలకుండా, "గుడ్ మార్నింగ్, ఇక్కడ మనిషి ఉన్నాడు" అని అరిచినట్టే అన్నాను. ఆయన తుపాకీ నేల మీద పెట్టేసి అక్కడే కూలబడిపోయాడు. దగ్గరికి వెళ్తే చేతులు వణుకుతున్నాయి. ఉత్తరాలు పంచే ఉద్యోగి, నా వయసే. ఇద్దరం పడిపోయిన మొద్దు మీద అరగంట కూర్చున్నాం. క్షమించమని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. చివరికి నా ఫోన్ నంబరు అడిగాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి, ఇంటికి క్షేమంగా చేరావా అని కనుక్కున్నాడు. మరుసటి ఏడాది నుంచి అతను, పెద్దాయన, నేను ముగ్గురం కలిసే వెళ్తున్నాం. మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి మొదట వచ్చి కూర్చున్నది అతనే.

పిడుదుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన వైపు కొందరు గోమార్లు అంటారు. ఓజార్క్స్‌లో లోన్ స్టార్ అనే రకం విపరీతం. అది కుడితే కొందరికి మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాల మీద ఎలర్జీ వస్తుంది. మటన్ బిర్యానీ తినే ఇల్లైతే అది చిన్న విషయం కాదు. బట్టలకూ బూట్లకూ ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టండి, ప్యాంటు సాక్సులోకి దోపండి, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోండి.

ఏం తీసుకెళ్ళాలి అనీ అడిగారు. సీసాలూ ఖరీదైన కానుకలూ వద్దు. తినేది తీసుకెళ్ళండి. మొదటి ఏడాది మా ఆవిడ పులిహోర కట్టి ఇచ్చింది. ఉదయం పదింటికి గట్టు మీద కూర్చుని పెద్దాయన చేత్తోనే తిన్నారు. ఆయన బదులుగా దారిలో ఏరిన మోరెల్ పుట్టగొడుగులు టోపీలో పోసి ఇచ్చారు, ఏప్రిల్‌లో అవీ అదే అడవిలో వస్తాయి. నాకు పుంజు దొరికిన ఏడు ఇంకో సంగతి జరిగింది. ఇక్కడివాళ్ళు చాలామంది రొమ్ము మాంసం తీసుకుని, కాళ్ళు గట్టిగా ఉంటాయని వదిలేస్తారు. అది మన నాటుకోడి లాంటిదే కదా. మా ఆవిడ కుక్కర్లో ఎనిమిది విజిల్స్ రానిచ్చి, గసగసాలూ కొబ్బరీ నూరి వేసి పులుసు పెట్టింది. పెద్దాయన భార్య రెండోసారి వడ్డించుకుని, పద్ధతి మొత్తం కాగితం మీద రాయించుకున్నారు. ఇప్పుడు వాళ్ళింట్లో ధనియాల డబ్బా, ఒక ప్రెషర్ కుక్కర్ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఎవరికి పుంజు దొరికినా కాళ్ళు మా ఇంటికి వస్తాయి.

మీకు పిలిచేవాళ్ళు ఉన్నారు కాబట్టి అదృష్టవంతులు. లేనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, 1973లో మొదలైన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్‌కు చాలా ఊళ్ళలో చాప్టర్లు ఉన్నాయి. వాళ్ళ విందుకు ఒకసారి వెళ్ళి, నాకు నేర్చుకోవాలని ఉంది అని చెప్పండి.

పెద్దాయనకు ఇప్పుడు 78. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, చెవులు పోయాయి. ఏళ్ళ తరబడి తుపాకీ మోతల వల్ల చాలామంది ముసలి వేటగాళ్ళకు ఇలాగే అవుతుంది. కూత వినపడినా ఎటు నుంచో తెలియదు. దూరం నుంచైతే అసలు వినపడదు. నాలుగేళ్ళ క్రితం ఒక ఉదయం పుంజు మూడుసార్లు కూసింది. నేను మోచేతి పొడుపు కోసం చూస్తున్నాను. రాలేదు. తిరిగి చూస్తే ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని చీకట్లోకి చూస్తున్నారు. నేనే మోచేత్తో పొడిచాను. ఆయన నా వైపు చూశారు, ఏమీ అనలేదు. చెవి వెనక చెయ్యి తీసి, అరచెయ్యి పైకి తిప్పి తన మోకాలి మీద పెట్టుకున్నారు. నేను ఆ అరచేతిలో వేలితో దిక్కు గీసి చూపించాను.

అప్పటి నుంచి మా పద్ధతి అదే. ఒక తట్టు అంటే కూసింది, రెండు తట్లు అంటే దగ్గరికి వస్తోంది. తర్వాత అరచేతిలో గీత. ఆయన జేబులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది, 1971 నుంచి ప్రతి ఉదయం తేదీ, గాలి, ఎన్ని కూతలు, పక్కన ఎవరు అని రాసుకుంటారు. పోయిన ఏప్రిల్‌లో ట్రక్కు దగ్గర అది తీసి, పెన్ను పట్టుకుని, "ఇవాళ గుడ్లగూబ అరిచిందా?" అని అడిగారు. రెండుసార్లు అరిచింది, వాగు అవతల నుంచి, అని చెప్పాను. రాసుకున్నారు.

మీ సహోద్యోగికీ అరవై దాటిందన్నారు. చీకట్లో కూత వినపడ్డాక ఆయన మీ వైపు తిరిగి ఎటు అన్నట్టు చూస్తే, నోరు తెరవకండి, చెయ్యి ఎత్తకండి. మెల్లగా ఆయన చేతి మీద వేలితో గీసి చూపించండి.